పంటి మీద పాకం

"నోరు తెరవండి మావయ్యా."

"తెరవను."

"ఒక్కసారి చూసి వదిలేస్తాను."

"నువ్వేమన్నా డాక్టరువా? కంప్యూటర్ చూసేదానివి. పోయి దాన్ని చూసుకో పో."

ఆ నాలుగు మాటలు అనేసరికే మునిస్వామి చెయ్యి దవడ మీదికి పోయింది. నిన్న సాయంత్రం నిమ్మకాయంత ఉన్న వాపు తెల్లారేసరికి బత్తాయంత అయింది. మొహంలో ఒక పక్క ఆయనది, రెండో పక్క ఎవరో చుట్టపుచూపుగా వచ్చినాయనది అన్నట్టుంది. అయినా పెద్దమనిషి తలదువ్వుకుని, విభూతి పెట్టుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని అంగడికి తయారైపోయాడు.

సౌమ్యకి ఒళ్ళు మండిపోయింది. మామగారి నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తే కాలిపోతోంది. జ్వరం మనిషిని కూర్చోబెట్టి బతిమాలడం ఒక ఎత్తు, ఆ మనిషి తనకేమీ లేదని దబాయిస్తుంటే వినడం ఇంకో ఎత్తు. వారం రోజులుగా ఆమె చేస్తున్నది ఈ రెండు పనులే.

వంటింట్లోంచి కమలమ్మ గొంతు వినిపించింది. రక్తపరీక్ష కాగితం ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆవిడ మొగుడితో నేరుగా మాట్లాడటం మానేసింది. అనాల్సినదంతా కోడలి మీదుగానే అంటోంది.

"సౌమ్యా, మీ మామను అడుగు. రాగిముద్ద పెడతా ఉండా. కాకరకాయ పెడతా ఉండా. కాఫీలో చక్కెర ఏసి ఎన్నేండ్లో అయిపాయె. మరి ఒంట్లో చక్కెర ఎట్ల పెరిగింది? గాల్లో వచ్చి దూరిందా?"

"మీ అత్తకు చెప్పు సౌమ్యా. నేను తినలేదు. ఒట్టు."

"ఒట్లు ఎవరికి కావాల? దినమంతా మిఠాయి అంగట్లో కూర్చోని తినలేదంటే నమ్మేదానికి నేనేమన్నా నిన్న పుట్టినానా?"

"రుచి చూసేదానికి నాలుక మీద ఏసుకుంటా, ఉమ్మేస్తా. మింగను. ఎన్నిసార్లు చెప్పాల?"

"ఉమ్మేస్తాడంట!" కమలమ్మ అట్లకాడతో పెనాన్ని ఒక్కటి వాయించింది. "నేతిలో చేసిన మైసూరు పాకు నోట్లో ఏసుకోని ఉమ్మేసే మొగోడు ఈ కాడుగోడిలో ఉండాడంట. చెప్పు మీ మామకు, ఇంకెవరికన్నా చెప్పుకోమని."

ఇద్దరికీ మధ్య అడ్డం ఉన్నది ఒక్క గడపే. అయినా మాట మాత్రం సౌమ్య చుట్టూ తిరిగి పోవాలి. తెనాలి నుంచి ఈ కన్నడ ఊళ్ళో ఇంటికి కోడలిగా వచ్చిందా, టపా బంట్రోతుగా వచ్చిందా అని ఆమెకే అనుమానంగా ఉంది.

మూల కుర్చీలో ఆమె భర్త హరీశ్ దోసె తుంచుకుంటూ ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంట్లో ఇంత రభస జరుగుతుంటే మనిషి ఫోన్లో ఏం వెతుక్కుంటాడో ఆమెకి ఎప్పటికీ అర్థం కాదు.

"నువ్వైనా ఓ మాట చెప్పవేంటి హరీశ్? నీకు నాన్నే కదా?"

"నేనేం చెప్పేది? చెప్తే వింటాడా? డాక్టర్లే ఒక మాట మీద లేరు. మనమేం చేసేది?"

అది మాత్రం నిజం. అందుకే సౌమ్యకి ఇంకా మంట.

పళ్ళ డాక్టరు అర్చన దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ నోట్లోకి లైటు వేసి చూసి తల పట్టుకుంది. వెనక దవడ పళ్ళ కింద చీము పట్టిందనీ, చిగుళ్ళన్నీ వాచాయనీ, పళ్ళు తీసెయ్యక తప్పదనీ చెప్పింది. తీరా షుగర్ కాగితం చూసి, ఇంత ఉంటే నేను చెయ్యి పెట్టను, తగ్గించుకుని రండి అంది. సరే కదాని షుగర్ డాక్టరు శశిధర్ దగ్గరికి వెళ్తే ఆయన మాత్రలు పెంచాడు. మళ్ళీ వెళ్తే మళ్ళీ పెంచాడు. మూడోసారి వెళ్ళినప్పుడు, నోట్లో చీము పెట్టుకుని షుగర్ దిగమంటే ఎలా దిగుతుందమ్మా, ముందు ఆ పళ్ళ సంగతి చూసుకోండి అన్నాడు. ఈ ఆస్పత్రి నుంచి ఆ ఆస్పత్రికి, ఆ సిగ్నల్ నుంచి ఈ సిగ్నల్‌కి, వెనక సీట్లో దవడ పట్టుకున్న ముసలాయనతో ఆమె తిరుగుతూనే ఉంది. ఇద్దరూ మంచి డాక్టర్లే. ఇద్దరూ చెప్పింది నిజమే. ఇద్దరి నిజాల మధ్యా మామగారి దవడ మాత్రం పెరుగుతోంది.

హరీశ్ చెయ్యి కడుక్కుని వచ్చి గొంతు తగ్గించాడు.

"నాయనా, రెండు దినాలు ఇంట్లో పండుకో. అంగడి నేను చూసుకుంటా."

మునిస్వామి గడప దగ్గర ఆగాడు.

"నువ్వు చూసుకునేది ఎట్లో నాకు గొత్తులేప్పా, బాగా తెలుసు. సర్జాపురం డబ్బాలు దించేదానికే కదా?"

కమలమ్మ పొయ్యి తగ్గించింది.

సర్జాపురంలో ఎవరో పెద్ద వంటశాల పెట్టారు. మిషన్ల మీద మిఠాయిలు చేసి, డబ్బాల్లో పెట్టి, ఎన్ని కావాలంటే అన్ని ఇస్తారు. పొయ్యి ఆర్పేసి అవి తెచ్చి అమ్ముకుందామని హరీశ్ కొన్నాళ్ళుగా అంటున్నాడు. నా నోరు ఉన్నంతకాలం ఆ డబ్బా మన అంగడి మెట్టెక్కదని తండ్రి అన్నాడు. ఇప్పుడా నోటికే వచ్చింది ముప్పు. పళ్ళు పీకించుకుని ఇంట్లో పడుకుంటే ఆ రోజే పొయ్యి ఆరిపోతుందని మునిస్వామి భయం. ఆ భయం నోరు విప్పి చెప్పడు. చెప్పకపోయినా సౌమ్యకి తెలుసు.

"నాకేం కాలేదు. సుమ్నె నోరు మూసుకోని ఉండండి అందరూ," అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

* * *

సౌమ్య ఆఫీసు మీటింగులో ఎవరో ఏదో మాట్లాడుతున్నారు. ఆమె కాసేపు విన్నట్టు కూర్చుంది. తర్వాత కెమెరా ఆపేసి, లాప్‌టాప్ అలాగే వదిలేసి లేచింది.

ఇంటి వెనక సందు దాటితే అంగడి వెనక వాకిలి. లోపల పొయ్యిగది. పెళ్ళై వచ్చిన కొత్తలో ఒకసారి చూపించారు. పొయ్యి వెలిగి ఉండగా మాత్రం ఆమె ఎప్పుడూ అక్కడ నిలబడలేదు. ఇంట్లో ఆడవాళ్ళని ఎవరూ రావద్దని అనలేదు, రమ్మని కూడా అనలేదు. కమలమ్మ అయితే ఆ గదిలో అడుగుపెట్టి ఏళ్ళయింది. మొగుడికి చక్కెర జబ్బు అని తెలిసిన రోజు తనూ తీపి మానేసింది. ఆ వాసన కూడా వద్దనుకుంది.

పనివాడు జోగయ్య పెద్ద బాణలిలో గరిటె తిప్పుతున్నాడు. పక్క పొయ్యి మీద లడ్డూల పాకం కాగుతోంది. మునిస్వామి ఎత్తుపీట మీద కూర్చుని, చెంచాతో కాస్త పాకం తీసి, ఊదుకుని నాలుక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ వాచిన మొహంలో కూడా అప్పుడొక శ్రద్ధ కనిపించింది. కళ్ళు తెరిచి, ఏలకులు ఇంకొంచెం పడాలని చేత్తో చెప్పి, పక్కనున్న సత్తు గిన్నెలోకి ఉమ్మేశాడు.

గిన్నె సగానికి వచ్చింది.

సౌమ్య వాకిలి దగ్గరే ఆగిపోయింది. ఆయన ఇంకోసారి రుచి చూశాడు. మళ్ళీ ఉమ్మాడు. బూంది ఒక గింజ కొరికి చూశాడు. అదీ ఉమ్మేశాడు. తర్వాత దాహమేసిందేమో, చెంబు ఎత్తి నీళ్ళు సూటిగా గొంతులోకి పోసుకున్నాడు. నాలుకకి చుక్క తగలనివ్వలేదు.

"నోరు పుక్కిలించరా మావయ్యా?"

మునిస్వామి ఉలిక్కిపడి చూశాడు. "నువ్వెప్పుడు వచ్చినావు?"

"అడిగినదానికి చెప్పండి. అంత తీపి నోట్లో వేసుకున్నారు కదా, పుక్కిలించరా?"

"పొయ్యి వెలిగినాక నోట్లో నీళ్ళు తిప్పగూడదు. మా తాత కాలం నుంచి ఇంతే. నీళ్ళు తిప్పితే నాలుక చప్పబడిపోతాది. మల్ల రుచి యాడ తెలుస్తాది?"

"మరి ఎప్పుడు కడుక్కుంటారు?"

"పొయ్యి ఆర్పినాక."

పొయ్యి తెల్లవారుజామున వెలుగుతుంది. దీపాలు పెట్టాక ఆరుతుంది. సౌమ్య గోడకి ఆనుకుంది. రోజంతా పంటి మీద పాకం అంటుకునే ఉంటుందన్నమాట. రోజంతా కాదు, బతుకంతా.

ఆమెకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఒట్టి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఈయన మింగనని ఇంటిల్లిపాదికీ గొంతు చించుకుని చెప్పాడు. అది అబద్ధమని అత్తయ్య పోట్లాడింది, ఆవిడ మాటే నిజమేమోనని తనూ లోపల అనుకుంది. మింగకపోతే మరి నోట్లో ఏం చేస్తున్నారని అడిగిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. మింగనిది ఒంటికి అంటదని ఈయన నమ్మకం. మింగాడనే ఆవిడ నమ్మకం. ఆ రెండు నమ్మకాల మధ్యా పళ్ళు పుచ్చిపోయాయి.

ఆమె ఫోన్ తీసింది. "అత్తయ్యా, వెంటనే పొయ్యిగదికి రండి. లేదు, పడిపోలేదు. మీరు రండి అంతే."

కమలమ్మ కొంగు నడుముకి దోపుకుంటూ వచ్చింది. గడప మీద నిలబడి ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సౌమ్య సత్తు గిన్నె వైపు చూపించింది.

కమలమ్మ గిన్నె చూసింది. మొగుణ్ణి చూసింది. మళ్ళీ గిన్నె చూసింది. మునిస్వామి ఇదిగో చూడు అనలేదు. తప్పుచేసి దొరికినవాడిలా గిన్నెని కాలితో పీట కిందికి నెట్టుకున్నాడు.

"సామీ, పాకు దించేదా?" అన్నాడు జోగయ్య.

పెద్ద బాణలిలో శనగపిండి నేతిలో పొంగి, గూళ్ళు గూళ్ళుగా లేస్తోంది. మైసూరు పాకుకి అదే అసలైన క్షణం. పచ్చివాసన పోవాలి, మాడకూడదు. ఆ మధ్యన ఎక్కడ దించాలో చెప్పగలిగింది మునిస్వామి నోరొక్కటే. ఆయన చెంచా అంచున పిసరంత తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు.

నోరు తెరుచుకోలేదు.

పెదవులు విడిపడ్డాయి గాని దవడ కదల్లేదు. ఆయన వేలితో గడ్డం కిందికి లాగాడు. కంట్లో నీళ్ళు తిరిగాయి. చెంచా పంటికి తగిలి టక్కుమంది.

"సామీ, దించేదా?"

నురగ బంగారు రంగు దాటి ఎర్రబడింది.

"సామీ!"

మాడు వాసన గదంతా కమ్మేసింది. జోగయ్య ఇంక ఆగలేక బాణలి దించి పళ్ళెంలో పోశాడు. నల్లటి ఎరుపులో అది బిగుసుకుపోయింది. ఆ పొయ్యి మీద పాకు మాడటం తానెప్పుడూ చూడలేదని జోగయ్య మొహమే చెబుతోంది.

మునిస్వామి చేతిలో చెంచా అలాగే ఉంది. కమలమ్మ దగ్గరికి వచ్చి ఆ చెంచా తీసి పక్కన పెట్టింది.

"లెయ్యండి. పోదాం," అంది. వారం తర్వాత ఆవిడ ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

ఆయన లేచాడు.

* * *

"ఇవాళే తీసెయ్యాలి. వాపు మెడలోకి దిగుతోంది. గొంతు దాకా పోతే ఊపిరే కష్టం," అంది డాక్టర్ అర్చన. వెంటనే షుగర్ మిషన్ వైపు చూసి నిట్టూర్చింది. "కానీ ఈ రీడింగ్ చూడండి. డాక్టర్ శశిధర్ గారు ఒకసారి చూసి..."

సౌమ్య చేతిలోని ఫైలు బల్ల మీద పడింది. ఆమె పడేసిందో, జారిందో ఆమెకే తెలియదు.

"మేడమ్, ఇంక నా వల్ల కాదు. మీరు ఆయన దగ్గరికి పంపుతారు, ఆయన మీ దగ్గరికి పంపుతారు. మీ ఇద్దరి మధ్యా నేను మోసింది మనిషిని, పార్సెల్ కాదు. నా ముందే మాట్లాడుకోండి."

శశిధర్ నంబరు కలిపి, స్పీకర్ పెట్టి, ఫోన్ బల్ల మధ్యలో పెట్టింది. అర్చన మొహం ఎర్రబడింది. కోప్పడుతుందేమోనని కమలమ్మ బెదిరిపోయి చూసింది. అర్చన కోప్పడలేదు. కుర్చీ ముందుకు లాక్కుంది.

"డాక్టర్, మునిస్వామి గారి కేసు. మీరు తగ్గిస్తారని నేను ఆగాను."

"మీరు తీస్తారని నేను ఆగానమ్మా," అన్నాడు ఫోన్లో శశిధర్.

ఈ రెండు మాటలు వినడానికే తను వారమంతా తిరిగిందా అనిపించింది సౌమ్యకి.

తర్వాత ఇద్దరూ చకచకా మాట్లాడుకున్నారు. నరానికి మందు ఎక్కించాలి, ఇన్సులిన్ ఇవ్వాలి, శశిధర్ వచ్చి పక్కనే ఉంటాడు, కాస్త దిగగానే అర్చన తీసేస్తుంది. ఇంత సులువైన మాట కోసం ఇన్ని సిగ్నళ్ళు దాటాలా? సౌమ్యకి ఊరట కలగాలి. కలగలేదు. ఏడవాలనిపించింది.

కమలమ్మ గొంతు సవరించుకుంది. "డాక్టరమ్మా, ఒక మాట. ఆయప్ప మింగకుండా ఉండినా చక్కెర పెరుగుతాదా?"

అర్చన ఆవిడ వైపు తిరిగింది. "ఒంట్లో ఎక్కడ చీమున్నా అది లోపల నిప్పులా రగులుతూనే ఉంటుందమ్మా. అది ఉన్నంతసేపూ మందు సరిగ్గా పని చెయ్యదు, షుగర్ దిగదు. షుగర్ దిగకపోతే చిగుళ్ళు ఇంకా పాడవుతాయి, చీము ఇంకా పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి మేపుతూ ఉంటాయి."

"అంటే నేను పెట్టిన కాకరకాయలన్నీ..."

"వృథా కాదు. పళ్ళు తీసేస్తే జబ్బు పోతుందని కాదు. పత్యం ఉండాలి, మందులు ఉండాలి. కానీ ఇన్నాళ్ళూ మీరు ముందు తలుపు వేసుకుని కాపలా కాశారు, వెనక తలుపు తెరిచే ఉంది."

కమలమ్మ తల దించుకుంది.

అర్చన కుర్చీలో ఉన్న మునిస్వామి మీదికి వంగింది. "తాతగారూ, ఇవాళ వెనక పళ్ళే తీస్తున్నాను. ముందువి కూడా ఊగుతున్నాయి. వాటిని నేను కాపాడతాను. కానీ మీరు నాకో మాట ఇవ్వాలి. తీపి నోట్లో పడిన ప్రతిసారీ నీళ్ళతో పుక్కిలించాలి. గాయం మానాక మొదలుపెట్టాలి. ప్రతిసారీ."

మునిస్వామి తల అడ్డంగా ఊపాడు. బిగుసుకుపోయిన దవడలోంచి మాట నలిగి బయటికొచ్చింది.

"నాలుక సచ్చినాక పళ్ళు ఉండి ఏం చేసేది?"

"ముందు పళ్ళూ పోతే దేంతో కొరికి చూస్తారు?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

* * *

పళ్ళు తీయించి సాయంత్రానికి ఇంటికి తీసుకొచ్చారు. రాత్రికి శశిధర్ మళ్ళీ ఫోన్లో రీడింగ్ కనుక్కుంటానన్నాడు. నోట్లో దూది. మాట్లాడకూడదు. గాయం మానేదాకా పుక్కిలించకూడదు. ఉమ్మకూడదు. నోట్లో ఏది ఊరినా మింగెయ్యాలి, ఉమ్మితే గాయం తెరుచుకుని నెత్తురు ఆగదని అర్చన గట్టిగా చెప్పి పంపింది.

కమలమ్మ మంచం పక్కన కూర్చుని, చల్లారిన గంజి దూది లేని పక్క నుంచి చెంచాతో పోస్తోంది.

"బతుకంతా ఉమ్మేసిన మనిషిని ఇప్పుడు మింగమంటా ఉండారు," అంది. నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే తెగిపోయింది. "నేను మాట్లాడకుండా ఉన్నన్ని దినాలు మీరు మాట్లాడినారు. ఇప్పుడు నేను మాట్లాడతా ఉంటే మీకు నోరు లేదు. నిజమే చెప్పినారు. నేనే నమ్మలేదు. తప్పు నాదే."

మునిస్వామి ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెంటనే ఆ కొంగుతోనే ఆయన గడ్డం మీద కారిన గంజి తుడిచింది.

సౌమ్య గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. ఆ రోజు మొదటిసారి ఆమె గుండె కాస్త తేలికపడింది.

అప్పుడే హరీశ్ వచ్చాడు. చేతిలో మెరిసే అట్టడబ్బా ఉంది. సౌమ్య ఆ డబ్బా చూసి, వద్దని కళ్ళతోనే చెప్పింది. అతను చూసి కూడా చూడనట్టే ముందుకొచ్చాడు.

"నాయనా, కోపం పెట్టుకోవద్దు. పొద్దున పాకు మాడిపాయె. పళ్ళెం ఖాళీ. వచ్చినోళ్ళకు లేదని చెప్పేదానికి నాకు నోరు రాలేదు. సర్జాపురం నుంచి తెప్పించి పెట్టినా."

"ఇప్పుడా చెప్పేది?" అంది కమలమ్మ.

"ఇప్పుడు చెప్పకుంటే రేపు ఎవరో చెప్తారు. దాచినానని అంటారు." హరీశ్ గొంతులో దొంగతనం లేదు, విసుగుంది, అలసట కూడా ఉంది. "అమ్మా, నేనేమన్నా పగోడినా? ఆయన పొయ్యి ముందర కూర్చోని కూర్చోనే ఇట్లయినాడు. ఆ పొయ్యి లేకుంటే ఆయన నోరు బాగుంటాది, నిద్ర బాగుంటాది. నేను చూస్తా ఉండింది అదే."

అతను చెప్పినదాంట్లో తప్పు వెతకబోయి సౌమ్య వెతకలేకపోయింది. అదే ఆమెకి ఎక్కువ చిరాకు కలిగించింది.

"ఇంకో మాట నాయనా." హరీశ్ కాస్త తటపటాయించాడు. "ఎవరూ కనిపెట్టలేదు. స్టేషన్ రోడ్డు నర్సమ్మవ్వ కూడా. మునిస్వామి చేతి పాకంటే ఇదీ అని చెప్పి కొనుక్కోని పాయె."

మునిస్వామి కళ్ళు కొడుకు మీదే ఉన్నాయి. ఆయనకి తిట్టడానికి నోరు లేదు. కాండ్రించి ఉమ్మడానికి కూడా లేదు. ఊరిందంతా మింగాల్సిందే. ఆయన మింగాడు.

తర్వాత చెయ్యి చాపి డబ్బా తెరిచాడు. వరసగా, ఒకే కొలతతో కోసిన ముక్కలు. ఒకటి తీసి వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. వేళ్ళకి అంటిన నెయ్యి వాసన చూశాడు. అంతకు మించి ఆయన ఏమీ చెయ్యలేడు. చుట్టూ చూశాడు. హరీశ్‌కి చిన్నప్పటి నుంచి తీపి గిట్టదు. కమలమ్మ మానేసి ఏళ్ళయింది.

ముక్క సౌమ్య వైపు సాగింది.

"నేనా? మావయ్యా, నాకేం తెలుసు?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పొద్దున పొయ్యిగదిలో అడగాల్సిన మాట అడిగింది ఈ పిల్ల ఒక్కతే అని ఆ కళ్ళు అంటున్నాయి. సౌమ్య మంచం మీద కూర్చుని ముక్క అందుకుంది. కొరికింది. మునిస్వామి తల వంచి, వాపు లేని పక్క చెవి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు. పాకు విరిగే చప్పుడు కోసం.

చప్పుడు రాలేదు. మెత్తగా, సబ్బు ముక్కలా దిగిపోయింది.

నాలుక మీద తీపి పరుచుకుంది. ఆమె కళ్ళు మూసుకుంది. ముందు తీపి, ఆ తర్వాత ఇంకా తీపి. శనగపిండి వేగిన కమ్మదనం కోసం వెతికింది. దొరకలేదు. పైన వాసనకి రాసిన నెయ్యి అయిపోయాక అంగిలికి మైనం పూసినట్టు ఏదో మిగిలింది. పండక్కి ఈ ఇంట్లో ఎన్నిసార్లు తిందో, అప్పుడెప్పుడూ తింటున్నానని అనుకోలేదు. లేనిదేదో ఇప్పుడు తెలిసింది.

"ఎట్లుండాది?" హరీశ్ అడిగాడు. "నిజం చెప్పు. నా కోసం చెప్పద్దు, ఆయన కోసం చెప్పద్దు."

ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. బాగుందంటే రేపటి నుంచి ఆ పొయ్యి వెలగదు, ఆ ముసలాయన నోటికి విశ్రాంతి. బాగాలేదంటే...

సౌమ్య మింగలేదు. డబ్బా మూత తిరగేసి అందులో ఉమ్మేసింది.

"ఇది మనది కాదు," అంది.

హరీశ్ డబ్బా మూసేశాడు. "సరే. అయితే రేపు పొద్దున బాణలి ముందర ఎవరు కూర్చునేది? ఆయనా? నువ్వా?"

సౌమ్య నోట్లో తీపి ఇంకా పంటికి అంటుకునే ఉంది. నాలుకతో తడిమితే ప్రతి పంటి మీదా జిగురుగా తగులుతోంది. పొద్దున చూసిన ఆ సత్తు గిన్నె, లైటు కింద అర్చన చూపించిన ఆ చిగుళ్ళు గుర్తొచ్చాయి.

"అత్తయ్యా, నీళ్ళివ్వండి. నోరు పుక్కిలించాలి," అంది.

కమలమ్మ చెంబు తీసుకుని రెండడుగులు వేసింది. మంచం మీద నుంచి మునిస్వామి చెయ్యి చటుక్కున లేచింది. వద్దన్నట్టు ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబడింది. రుచి చూసిన నోట్లో వెంటనే నీళ్ళు తిప్పడం ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చెయ్యని పని.

కమలమ్మ చెంబు పట్టుకుని మొగుడి మొహం చూస్తూ ఆగిపోయింది.

"ఇవ్వండి అత్తయ్యా," అంది సౌమ్య. చాపిన చెయ్యి దించలేదు.